గుఱికి వెల యెంత?

గడచిన వారము మా పట్టణపు పఠనమందిరమున పత్రికలు చదువుకొనుచుండగా, న్యాయస్థానమున నకళ్లు వ్రాయు గుమాస్తా యొకరు మా చెంతకు వచ్చి, చేతనున్న చిన్న లెక్కపుస్తకమును బల్లపై నుంచిరి. "అయ్యా, మా అమ్మాయి పాఠశాల తరఫున శిబిరమునకు పోయి అచ్చట తుపాకి కాల్చుట నేర్చినది. గుఱి చక్కగా కుదురుచున్నదని శిక్షకులు చెప్పిరి. ఈ విద్యను సాగించుటకు ఏటి కెంత యగునో లెక్క వేసినాను. ఊరి బయట నున్న స్థల మొక్కటే మాకున్న ఆస్తి. దాని నమ్మవలయునా, పిల్ల కోరికను చంపవలయునా? మీరే సెలవీయుడు" అని యడిగిరి. మేము న్యాయవాదులము, క్రయదస్తావేజు వ్రాయుట యెఱుగుదుము గాని యీ ప్రశ్నకు తత్క్షణము బదులు చెప్పలేకపోతిమి. ఇంటికి వచ్చి యా లెక్కను తిరుగవేసి చూచితిమి. దానినే యీ వారము మా చదువరుల ముందుంచుచున్నాము. ఏలయన నది యొక గుమాస్తా యింటి లెక్క మాత్రమే కాదు. ఒక విద్య యెవరిదై యుండవలయు నను ప్రశ్న దానిలో నిమిడియున్నది.

తుపాకి వినోద మనగానే మన దేశమున ముందుగా వేట స్ఫురించును. ఆ వినోదమునకు ఖర్చు లేకపోలేదు. అది వినోదించువాని సంచినుండి పోలేదు, అంతియే. 1902లో కర్జను ప్రభువు నిజాము రాజ్యమునకు పులివేటకు వచ్చినప్పుడు లాలా దీన్ దయాళ్ తీసిన ఛాయాచిత్రము నేటికిని ప్రసిద్ధము. చచ్చిన పులియు, దాని వెనుక రాజప్రతినిధి దంపతులును అందు కనబడుదురు. పొదలు కొట్టి పులిని తోలినవారు కనబడరు. వెట్టిచాకిరి చరిత్ర నెఱిగిన తెలంగాణమువారికి, దొరల వేటబిడారులు దిగినప్పుడు గ్రామములపై పడిన భారమును క్రొత్తగా చెప్పనక్కఱలేదు. 1938లో భరత్‌పూరు చెఱువులయొద్ద లిన్‌లిత్‌గో ప్రభువు వచ్చినప్పుడు జరిగిన వేటలో ఒక్క దినమున 4,273 పక్షులు కూలినవి. ఆ సంఖ్యను రాతిపై చెక్కించి నిలిపిరి. తూటాల ఖర్చు ప్రజలు చెల్లించిరి. ప్రాణముల ఖర్చు పక్షులు చెల్లించినవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో ఆ వినోదమునకు తెర పడినది, పడుటయే మేలు. కావున నేడు మన దేశమున తుపాకి వినోద మనిన, కాగితముపై నున్న చుక్కను కొట్టుట, లేక గాలిలోనికి విసరబడిన మట్టిపళ్లెమును పగులగొట్టుట మాత్రమే.

ఈ విద్యకు రెండవ చరిత్రయు కలదు. 1878లో, లిట్టన్ ప్రభువు పాలనాకాలమున, ఆయుధముల చట్టము పుట్టినది. భారతీయుడు లైసెన్సు లేక తుపాకి నుంచుకొనరాదు. ఐరోపావానికి మాత్ర మా నిర్బంధము లేదు. చట్టము చర్మమును చూచి మనిషిని తూచినది. 1887లో మదరాసున కూడిన కాంగ్రెసు మహాసభ ఈ చట్టమును గూర్చి మొఱపెట్టినది. 1931లో కరాచీ మహాసభ అంగీకరించిన ప్రాథమిక హక్కుల తీర్మానమున, నియమములకు లోబడి ఆయుధము నుంచుకొను హక్కు పౌరునకు కలదని చేర్చిరి. అహింసను వ్రతముగా పట్టినవారే ఈ తీర్మానమును చేసిరనుట గమనింపదగినది. వారు రక్తమును కోరలేదు, సమత్వమును కోరిరి. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1951లో జాతీయ రైఫిల్ సంఘము వెలసినది. దాని స్థాపకుడు గణేశ వాసుదేవ మావలంకర్ మహాశయుడు అహమ్మదాబాదు న్యాయవాది. జాతీయోద్యమమున చెఱసాలకు పోయినవాడు. తరువాత లోకసభకు తొలి సభాపతి. ఆయన పేర జరుగు గుఱిపోటీలు ఈ క్రీడలోనివారి కందఱకును తెలిసినవే. అనగా ఈ విద్య మన జాతీయ జీవనమునకు పరాయిది కాదు.

ఇక లెక్కకు వత్తము. పది మీటర్ల గాలితుపాకి పోటీయే యీ క్రీడలో ఓనమాలును, ఒక విధముగా శిఖరమును. దూరము పది మీటర్లు, అనగా పదునొకండు గజములకు కొంచెము తక్కువ. కాగితముపై నడిమి చుక్క అర మిల్లీమీటరు మాత్రమే; వాక్యము చివర మేము పెట్టు చుక్కకు అది యించుమించు సమానము. పోటీలో అరువది మారులు కాల్చవలయును. ఇట్టి గుఱి నిలువవలెనన్న నిత్యసాధన కావలయును. ఏడాదికి 250 దినములు, దినమునకు 80 గుండ్ల చొప్పున కాల్చిన 20,000 పెల్లెట్లగును. డబ్బాకు 500 చొప్పున 40 డబ్బాలు. పోటీకి పనికివచ్చు దిగుమతి సరకు డబ్బా వేయి రూపాయలనుకొనిన, పెల్లెట్లకే 40,000 రూపాయలు. శిక్షకునికిని, గుఱిశాల రుసుమునకును నెలకు 5,000 చొప్పున 60,000. శరీరమును నిలకడగా నుంచు గట్టిబట్ట కోటు, లాగు, జోళ్లు, చేతితొడుగు కలిసి 60,000 అనుకొనిన, ఎదుగు పిల్లకు మూడేండ్లకన్న పట్టవు. కావున ఏటికి 20,000. పోటీకి తగిన విదేశపు గాలితుపాకి వెల రెండున్నర లక్షలనుకొందము. దాని గాలిగొట్టమునకు సాధారణముగా పదేండ్ల గడువు. కావున అరుగుదల ఏటికి 25,000. ఆ రెండున్నర లక్షలును అప్పు తెచ్చినచో, నూటికి పండ్రెండు వడ్డీ చొప్పున మొదటి యేటికే 30,000. జిల్లా, రాష్ట్ర, దక్షిణదేశపు పోటీలకు తండ్రియో తల్లియో వెంట పోవుటకు మూడు ప్రయాణములకు 30,000. వెరసి 2,05,000 రూపాయలు.

ఇవి మేము వేసిన యుజ్జాయింపు అంకెలే. చదువరులు తమతమ యూళ్ల ధరలను వేసి సరిచూచుకొనవచ్చును. స్వదేశమున తయారగు స్ప్రింగు తుపాకులు చాల చౌకగా దొరకును. అక్షరాభ్యాసమునకు అవి చాలును. కాని పోటీమెట్టు ఎక్కగానే విదేశపు సరకు తప్పదు. మఱి కాగితపు గుఱులు, మరమ్మతులు, పోటీల ప్రవేశరుసుములు మే మీ లెక్కలో చేర్చనేలేదు. నెలకు 40,000 జీతము వచ్చు గుమాస్తాకు ఏటికి 4,80,000 రూపాయలు. అందు 2,05,000 అనగా ఐదింట రెండు పాళ్లకు మించినది. మిగిలినదానితో అద్దె, బియ్యము, రెండవ బిడ్డ చదువు, ముసలితల్లి మందులు జరుగవలయును. ఏ తండ్రి చేయగలడు?

ఇది చౌకపాటి శాఖ సుమా! మట్టిపళ్లెములను కొట్టు ట్రాప్ పోటీని చూడుడు. వారమునకు మూడు దినములు, దినమునకు నూఱు తూటాలు, ఏటి కేబది వారములు: 15,000 తూటాలు. తూటా యేబది రూపాయలనుకొనిన ఏడున్నర లక్షలు. ఒక్కొక్క తూటాలో 24 గ్రాముల సీసపు రవ్వ. ఏటికి 360 కిలోల సీసము నేలపై చల్లబడును. ఇదియు నొక ఖర్చే. దానిని మన్ను చెల్లించును. ఈ శాఖకు మన దేశమున తొలి కీర్తి తెచ్చినది బికనీరు మహారాజు కర్ణీసింగుగా రగుటలో నాశ్చర్య మేమి? ఆయన 1960 మొదలు 1980 వఱకు ఐదు ఒలింపిక్కులలో పాల్గొనిరి. 1962లో కైరోనగరమున ప్రపంచపోటీలో రజతపతకము గెలిచిరి. ఆయన దీక్షను మేము కొనియాడెదము. కాని మహారాజునకు సాధ్యమైనది గుమాస్తాకు సాధ్యమగు మార్గమే మేము వెదకుచున్నాము.

మన విజేతల చరిత్రలను కొంచెము పరికింపుడు. 2008లో బీజింగున మన దేశమునకు తొలి వ్యక్తిగత స్వర్ణమును తెచ్చిన అభినవ్ బింద్రాకు తండ్రి ఇంటియందే గుఱిశాల కట్టించి యిచ్చెను. 2004లో ఏథెన్సున రజతమును తెచ్చిన రాజ్యవర్ధన్ సింగు రాథోడ్, 2012లో లండనున రజతమును తెచ్చిన విజయకుమార్ సైనికులు. వారి తుపాకికిని తూటాలకును సైన్యము అండ నిలిచినది. అదే లండనులో కాంస్యము గెలిచిన గగన్ నారంగ్ మన హైదరాబాదున పెరిగినవాడు. అతనికి తుపాకి కొనియిచ్చుటకు తలిదండ్రులు ఇంటిస్థలము నమ్మిరని పత్రికలు వ్రాసినవి. 2024లో పారిసున కాంస్యము గెలిచిన స్వప్నిల్ కుసాలే కొల్హాపురపు గ్రామసీమవాడు. మహారాష్ట్ర ప్రభుత్వమువారి క్రీడాప్రబోధిని యందు 2009లో చేరి పైకి వచ్చినవాడు. తరువాత రైల్వేలో టిక్కెట్టు తనిఖీ యుద్యోగి. ఇంటిలో గుఱిశాల, సైన్యపు బట్ట, అమ్ముకొనుటకు స్థలము, ప్రభుత్వపు పాఠశాల: ఈ నాలుగింటిలో నేదో యొకటి లేక పైకి వచ్చినవాడు అరుదు. ఈ నాలుగును లేని యింటి పిల్ల గతి యేమి? ఆమె చేయి నిలుకడ గలదో లేదో దేశమునకు తెలియనే తెలియదు.

మా మాట యిది: 1878 నాటి చట్టము చర్మపు రంగును చూచి తుపాకిని నిరాకరించినది. నేడు చట్ట మట్లు చేయుట లేదు. 4.5 మిల్లీమీటర్ల గొట్టమును, 20 జౌళ్లకు మించని శక్తియు గల గాలితుపాకికి 2016 నాటి నియమముల ప్రకారము లైసెన్సే యక్కఱలేదు. ద్వారము తెఱచియే యున్నది. కాని గడపవద్ద నొకడు కూర్చుండి రెండు లక్షల రూపాయలు సుంక మడుగుచున్నాడు. అప్పుడు రంగు, ఇప్పుడు రొక్కము. మన పెద్దలు రంగు భేదమును పోగొట్టుటకు తీర్మానములు చేసిరి. రొక్కపు భేదమును పోగొట్టుట మన వంతు కాదా?

దానికి మార్గమును క్రొత్తగా కనిపెట్టనక్కఱలేదు. మన మిప్పుడు కూర్చుండి చదువుకొనుచున్న యీ మందిరమే మార్గము. పుస్తకము కొనలేని వాని కెవరో పుస్తకములు పంచిపెట్టుట కాదు మన పూర్వులు చేసినది. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశపు గ్రంథాలయములవారు సభ కూడినప్పుడు వారు నమ్మిన సూత్ర మొక్కటే: ఒక పుస్తక మొకని బీరువాలో నుండిన ఒకడే చదువును, పదిమంది మధ్య నుండిన నూఱుగురు చదువుదురు. తరువాత ఆంధ్రప్రదేశమున 1960 నాటి చట్టముతో ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయపన్నుగా కట్టుట కంగీకరించితిమి. పుస్తకమునకు చెల్లిన న్యాయము తుపాకి కేల చెల్లదు? గాలితుపాకి దినమున ఒక గంట పనిచేసి ఇరువదిమూడు గంటలు పెట్టెలో నిద్రించును. ఇంతకన్న సోమరి యాస్తి మఱి యేది?

ఇరువదిమంది పిల్లలు, నాలుగు తుపాకులు, ఒక శిక్షకుడు అనుకొని లెక్క వేయుదము. నాలుగు తుపాకుల అరుగుదల ఏటికి లక్ష, తలకు 5,000. సంఘము తుపాకులను చందాలతో కొనినచో వడ్డీ లేదు. శిక్షకునికి నెలకు 40,000 ఇచ్చినను తలకు ఏటికి 24,000. దీపములకు, గాలిపంపునకు, కాగితములకు మఱి 6,000. కోటు ఎవరి కొలతకు వారిదే కావలయును గాని, పెరిగిన పిల్ల విడిచిన కోటు చిన్నపిల్లకు పనికివచ్చును. ఆ పద్దు సగమై 10,000. పెల్లెట్లు సగము చాలును, ఏలయన ఈ విద్యలో పెల్లెట్టు లేకయే గుఱి పట్టి మీట నొక్కుట సాధనలో ముఖ్యభాగము. పెద్ద పెద్ద ఆటగాండ్రును గోడపై చుక్క పెట్టుకొని గంటలకొలది అట్లే చేయుదురు. ఆ పద్దు 20,000. పోటీలకు జట్టుగా పోయిన ప్రయాణము సగమై 15,000. వెరసి 80,000. ఒంటరిగా 2,05,000 అయినది, కలిసిన 80,000 అయినది. పురపాలక సంఘము శిక్షకుని జీతమునకు పూచీపడినచో 56,000. ఎనిమిది మీటర్ల వెడల్పును, పదునైదు మీటర్ల పొడవును గల పాఠశాల హాలు సాయంకాలమున ఖాళీగా నున్నచో అద్దెయు లేదు. అందు ఆరుగు రొక్క వరుసలో నిలిచి సుఖముగా కాల్చవచ్చును.

దీనికి రెండు ఆక్షేపణలు వినబడుచున్నవి. మొదటిది: "అన్నము లేనివా రుండగా తుపాకి యాట యేల?" ఈ ప్రశ్న న్యాయమైనదే. కాని దానిని పేదవాని బిడ్డను గూర్చియే యడుగుట న్యాయము కాదు. పెండ్లియూరేగింపున గాలిలోనికి తూటాలు పేల్చు ధనికుని మన మెప్పుడైన నడిగితిమా? అట్టి పేల్చుట 2019 నాటి సవరణచట్టము ప్రకారము రెండేండ్ల చెఱకు గాని, లక్ష రూపాయల జుల్మానాకు గాని తగిన నేరము. ఆ వ్యర్థపు తూటా ఖర్చుతో ఒక బాలిక ఎన్ని దినములు సాధన చేయునో లెక్క వేసి చూడుడు.

రెండవది: "తుపాకి చేతికిచ్చిన హింస పెరుగదా?" ఈ భయమును మేము తేలికగా తీసివేయము. తుపాకి బొమ్మ కాదు. గాలితుపాకి సైతము కంటిని పోగొట్టగలదు. అందుచేతనే అది ఇంటిలో కాక సంఘపు తాళములో నుండవలయు ననుచున్నాము. తుపాకి నోరు గుఱివైపే యుండవలయును. ఆజ్ఞ లేక పెల్లెట్టు పెట్టరాదు. ఒకరైనను గుఱిగీత దాటి ముందునకు పోయినప్పుడు ఎవరును తుపాకి ముట్టరాదు. కాల్చిన పిదప చేతులు కడుగుకొనక తినరాదు, సీసము విషము గనుక. ఈ నియమములు ప్రతిదినము పాటించు పిల్లకు తుపాకియెడ గల భావము వీథిరౌడీకి గల భావము కాదు. ఇచ్చట శత్రువు లేడు. ఊపిరి నాపి, గుండె రెండు కొట్టుకొనుటల నడిమి నిశ్శబ్దమున మీట నొక్కవలయును. కోపమున్నచో గుఱి తప్పును; గర్వమున్నచో తప్పును. ఇంతకన్న నిగ్రహమును నేర్పు ఆట మాకు తెలియదు.

హైదరాబాదున గచ్చిబౌలియందు గుఱిమైదానము కలదు. ఆ నగరపు బాలిక ఈషాసింగు 2018లో, పదుమూడేండ్ల ప్రాయమున, పిస్తోలు గుఱిలో జాతీయ విజేత యయ్యెను. 2023లో హాంగ్‌ఝౌనగరమున జరిగిన ఆసియా క్రీడలలో ఒక స్వర్ణముతో కూడ నాలుగు పతకములు తెచ్చెను. మన బిడ్డల చేతులలో లోపము లేదనుటకు ఇంతకన్న సాక్ష్య మేల? కాని రాజధానిలో నున్న మైదానము జిల్లాకేంద్రమున నకళ్లు వ్రాయు గుమాస్తా బిడ్డ కెంత దూరము! రైలుబండి టిక్కెట్టు వెల ఆమె పాలిటికి మఱియొక ఆయుధచట్టము.

కావున మూడు మాటలు చెప్పి ముగించెదము. పురపాలకసంఘముల వారితో: ఒక హాలును, ఒక శిక్షకుని జీతమును ఇండు, తక్కినది పౌరులు చూచుకొందురు. ధనికులతో: మీ పేర ధర్మసత్రము కట్టించినట్లే ఒక తుపాకిని పాఠశాలకు దానమిండు, మీ లైసెన్సు పిస్తోలు బీరువాలో తుప్పు పట్టుటకన్న అది మీకు కీర్తి. పాఠశాలల వారితో: జాతీయ విద్యార్థి సైనికదళము 1948 నాటి చట్టముతో పుట్టి, .22 రైఫిలును పేదవాని బిడ్డ చేతికి నయాపైస లేక ఇచ్చుచున్నది. మీ పాఠశాలలో ఆ దళము లేకున్న కోరి తెప్పించుకొనుడు.

గుమాస్తాగారికి మే మిచ్చు సమాధాన మిది: అయ్యా, స్థలము నమ్మకుడు. బిడ్డ కోరికను చంపకుడు. ఇప్పటికి గోడపై చుక్క పెట్టి నిలుచుట నేర్పుడు. దానికి ఖర్చు లేదు. ఈ నెలాఖరు ఆదివారము సాయంకాలము ఇదే పఠనమందిరమున మరి పందొమ్మిది మంది తలిదండ్రులను కూర్చుడు. మేమును వత్తుము, సంఘపు నిబంధనావళి వ్రాయుట కూలి లేక మా వంతు. బిడ్డ కోసము స్థలము నమ్మిన తండ్రి గొప్పవాడు. కాని యా తండ్రిచేత స్థలము నమ్మించిన యూరు గొప్పది కాదు.